పసిపిల్లల మందుల చీటీ కంప్యూటర్‌లోకి ఎక్కేముందు

(ఒడిశాలోని రాయగడలో పిల్లల వైద్యులు, స్టాఫ్ నర్సులు, ఫార్మసిస్టుల సమావేశంలో తెలుగులో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మాట్లాడిన తీరు చెడకుండా అచ్చు కోసం అక్కడక్కడా సరిచేశాం.)

అందరికీ నమస్కారమండి. రాయగడ వాళ్లతో పాటు గుణుపురం, పర్లాకిమిడి, కొరాపుట్ నుంచి, ఇటు పార్వతీపురం నుంచి కూడా వచ్చారు. పరిచయాలు అయిపోయాయి కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

8 కిలోల పాప. జ్వరం. పారాసిటమాల్ రాయాలి. కిలోకు 15 మి.గ్రా. చొప్పున 120 మి.గ్రా. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. ఇప్పుడు మందుల బీరువా తెరవండి. 5 మి.లీ.కి 120 మి.గ్రా. ఉన్న సిరప్ ఒకటి, 5 మి.లీ.కి 250 ఉన్నది ఇంకొకటి, ఒక్క మి.లీ.లోనే 100 ఉన్న చుక్కల మందు మరొకటి. అదే పాపకు మొదటిదైతే 5 మి.లీ., రెండోదైతే 2.4, చుక్కల మందైతే 1.2. చీటీలో "పారాసిటమాల్ 5 మి.లీ." అని మాత్రమే రాశాం, షాపులో చుక్కల సీసా చేతికిచ్చారు అనుకోండి. ఒక్క డోసులో 500 మి.గ్రా. లోపలికి పోయింది. కిలోకు 62. రోజుకు నాలుగుసార్లు అలాగే పోస్తే కాలేయం గతి ఏమిటో ఈ గదిలో ఎవరికీ చెప్పక్కర్లేదు. చుక్కల సీసా సాధారణంగా 15 మి.లీ.దే ఉంటుంది, మూడు డోసులకే ఖాళీ. తల్లి ఇంకో సీసా కొంటుంది, అదీ అలాగే పోస్తుంది.

ఇందులో ఎవరిని పట్టుకుని అడిగినా తన పని తాను సరిగ్గానే చేశానంటారు. డాక్టర్ మనసులో 120 సిరప్ ఉంది. షాపతను అడిగిన మందే ఇచ్చాడు. తల్లి రాసినంతే పోసింది. సీసా ఒక్కటే వేరు. ఇలాంటి తప్పును కంప్యూటర్ ఆపగలదా అంటే, ఆపగలదు. కానీ మనం కొనే కంప్యూటర్ దానంతట అది ఆపదు. ఈ పూట నేను చెప్పేదంతా ఆ రెండు వాక్యాల మధ్య ఉన్న పని గురించే.

పెద్దవాళ్లకు మాత్ర కంపెనీలోనే డోసుగా తయారై వస్తుంది. పిల్లల విషయంలో ప్రతి చీటీ ఒక లెక్క: బరువుతో గుణించాలి, రోజుకు ఎన్నిసార్లో భాగించాలి, మి.గ్రా.ని మి.లీ. చేయాలి, వచ్చిన అంకెను కొలవడానికి వీలైన దగ్గరి అంకెకు చక్కబెట్టాలి. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే పదింతలు. అమెరికాలో బోస్టన్‌లోని రెండు ఆసుపత్రుల్లో పిల్లల వార్డులను పరిశీలించి 2001లో అచ్చు వేశారు. 10,778 మందుల ఆర్డర్లు చూస్తే 616 తప్పులు దొరికాయి, అంటే నూటికి 5.7. పెద్దల వార్డుల్లోనూ దాదాపు అంతే శాతం తప్పులుంటాయి. తేడా ఎక్కడంటే, హాని చేయగల తప్పులు పిల్లల్లో మూడింతలు ఎక్కువ. వాటిలో నూటికి 79 మందు రాసే దశలోనే పుట్టాయి. అందుకే రాసే దశలో కంప్యూటర్ పెట్టాలన్న ఆలోచన బలపడింది.

మన దగ్గర ఈ చర్చ చేతిరాత దగ్గర మొదలై చేతిరాత దగ్గరే ఆగిపోతోంది. 2024 జనవరిలో ఒడిశా హైకోర్టు మందుల చీటీలు చదవగలిగేలా, పెద్ద అక్షరాల్లో రాయమంది. మంచిదే. కానీ పిల్లల విషయంలో చేతిరాత చిన్న సమస్య. గిలికిన అంకెను చూసి సిస్టర్ ఒకసారి ఆగుతుంది, ఫోన్ చేస్తుంది. అదే అంకె చక్కగా ప్రింటై వస్తే ఎవరూ ఆగరు. అచ్చయిన తప్పుకు ఉన్న మర్యాద చేతిరాత తప్పుకు లేదు.

ముందు బరువు సంగతి చూద్దాం. నా దృష్టిలో సగం పని ఇక్కడే.

సాఫ్ట్‌వేర్‌కు బిడ్డ కనిపించదు, బరువు గడిలో ఉన్న అంకె కనిపిస్తుంది. అది తప్పైతే ఆ తర్వాత లెక్కలన్నీ తప్పులేకుండా తప్పుగా వస్తాయి. ఎస్‌ఎన్‌సీయూలో, అంటే జబ్బుపడ్డ నవజాత శిశువుల వార్డులో, 2,400 గ్రాములని తూస్తారు, గడి కిలోల్లో ఉంటుంది, హడావుడిలో 24 అని పడుతుంది. ఇది ఊరికే హెచ్చరిక చూపించి వదిలేయాల్సిన తప్పు కాదు. నెలలోపు బిడ్డకు 6 కిలోలు దాటిన అంకె వేస్తే తెర ముందుకు కదలకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెరుగుదల పట్టిక సాఫ్ట్‌వేర్‌లో ఉంచి, వయసుకు బొత్తిగా పొసగని బరువు వేస్తే రెండోసారి తూచి వేయమని అడిగేలా పెట్టండి. కింది హద్దు దగ్గర మాత్రం కాస్త సడలించాలి. మన పోషకాహార పునరావాస కేంద్రాల్లో చేరే పిల్లలు ఆ పట్టిక అట్టడుగు గీతకు కూడా దిగువనే ఉంటారు. ప్రతి బిడ్డకూ "బరువు తక్కువగా ఉంది, సరిచూడండి" అని వస్తుంటే మూడో రోజుకు సిస్టర్ చదవకుండానే నొక్కేయడం మొదలుపెడుతుంది.

అంచనా బరువు గురించి గట్టిగానే చెబుతున్నాను. వయసుకు 4 కలిపి 2తో గుణించే సూత్రం అందరికీ కంఠతా వచ్చు. మూడేళ్ల బిడ్డకు 14 కిలోలు. కాశీపురం, మునిగుడ కొండల నుంచి దిగివచ్చే మూడేళ్ల బిడ్డ 10 కిలోలు ఉండటం మనకేమీ వింత కాదు. సూత్రం నమ్మి మందిస్తే 40 శాతం ఎక్కువ పోతుంది. అమాక్సిసిలిన్ అయితే బిడ్డ తట్టుకుంటుంది. ఫెనైటాయిన్, జెంటామైసిన్, మార్ఫిన్ అయితే? కొన్ని సాఫ్ట్‌వేర్లు బరువు గడి ఖాళీగా వదిలితే వయసును బట్టి తామే నింపేస్తాయి. కొనేముందు అడగండి, ఆ సౌకర్యం తీయించేయండి. ప్రాణం మీదకు వచ్చినప్పుడు అంచనా బరువు తప్పదు. అప్పుడు అది "అంచనా" అనే ముద్రతో, వేరే రంగులో, ఒక గంటకే చెల్లేలా ఉండాలి.

బరువుకు గడువు అనేది చాలామంది పట్టించుకోరు. నవజాత శిశువుకు రోజూ, ఏడాదిలోపు బిడ్డకు ఓపీకి వచ్చిన ప్రతిసారీ, ఆ పైవాళ్లకు కనీసం మూడు నెలలకోసారి కొత్త తూకం అడగాలి. లేకపోతే ఆర్నెల్ల క్రితం టీకాకు వచ్చినప్పటి 5 కిలోలే నేడూ తెర మీద నిలబడి ఉంటుంది, బిడ్డ 8 కిలోలైనా. కాళ్లు, ముఖం ఉబ్బి ఉన్న కుపోషణ బిడ్డకు ఇంకో చిక్కు: చేరిన రోజు తూకంలో నీరు కూడా ఉంటుంది, వాపు తీశాక కిలో వరకు దిగొచ్చు. కిలో లెక్కన సాగే మందులన్నిటినీ ఆ రోజు మళ్లీ చూడమని జాబితా రావాలి.

ఇక తూకం యంత్రం. లక్షలు పెట్టి సర్వర్ కొంటారు, ఓపీ గుమ్మంలో మాత్రం ముల్లు వంకరపోయిన స్ప్రింగు త్రాసు ఉంటుంది. 10 గ్రాముల తేడా చూపే డిజిటల్ త్రాసు నవజాత శిశువులకు, 100 గ్రాములది పెద్ద పిల్లలకు, వారానికోసారి సరిచూడటానికి తెలిసిన బరువున్న తూకపు రాయి. సాఫ్ట్‌వేర్ టెండరు కంటే ముందు వీటికి ఇండెంటు, అంటే కావాలన్న అర్జీ, పెట్టండి.

రెండోది ప్రమాణం, అంటే మి.గ్రా. రాస్తున్నామా, కిలోకు మి.గ్రా. రాస్తున్నామా అన్నది. 2013లో శాన్ ఫ్రాన్సిస్కో యూనివర్సిటీ ఆసుపత్రిలో జరిగిన సంగతి ప్రపంచమంతా చదివింది. అయినా మెట్టుమెట్టుగా చూడాల్సిందే. 16 ఏళ్ల అబ్బాయి, 38.6 కిలోలు. ఇంట్లో రోజూ వేసుకునే కోట్రైమాక్సజోల్ మాత్ర, అందులోని రెండు మందుల్లో ఒకటైన ట్రైమెథోప్రిమ్ లెక్కన 160 మి.గ్రా. అక్కడి నియమం ప్రకారం 40 కిలోలలోపు వాళ్లకు కిలో లెక్కనే రాయాలి. డాక్టర్ కిలోకు 5 మి.గ్రా. అని రాసింది. సిస్టమ్ 193 అని లెక్కగట్టి, దగ్గర్లో ఉన్న 160 మాత్రకు చక్కబెట్టింది. తేడా 5 శాతం దాటింది కాబట్టి నియమం ప్రకారం ఫార్మసిస్టు ఆర్డర్ వెనక్కి పంపి, 160 మి.గ్రా. అనే వేయమన్నారు. డాక్టర్ గడిలో 160 అని కొట్టింది. పక్కన ప్రమాణం "కిలోకు మి.గ్రా." అనే ఉంది. 160ని 38.6తో గుణిస్తే ముప్పై ఎనిమిదిన్నర మాత్రలు. హెచ్చరిక వచ్చింది, రోజూ వచ్చే వందలాది హెచ్చరికల్లో అదొకటి, నొక్కేశారు. ఫార్మసీలోనూ నొక్కేశారు. మరయంత్రం ముప్పై ఎనిమిదిన్నర మాత్రలు పొట్లం కట్టింది. నర్సుకు అనుమానం వచ్చింది. బార్‌కోడ్ కొడితే "సరిగ్గానే ఉంది" అంది. ఇచ్చేసింది. అబ్బాయికి మూర్ఛ వచ్చింది, బతికాడు.

ప్రతి మెట్టు దగ్గరా ఒక రక్షణ ఉంది, ఆ రక్షణలే ఒకదాన్నొకటి నమ్ముకుని కూర్చున్నాయి. మనం చేయాల్సినవి మూడు పనులు. ప్రమాణం గడి ఎప్పుడూ ముందే నిండి ఉండకూడదు, లేదా అంకె మార్చినప్పుడల్లా ప్రమాణం మళ్లీ ఎంచుకోమనాలి. తెర మీద మూడు అంకెలూ ఒకే వరసలో కనిపించాలి: కిలోకు ఎంత, మొత్తం ఎంత, ఎన్ని మి.లీ. లేదా ఎన్ని మాత్రలు. చివరిదే అందరి కంటికీ తగులుతుంది, "ముప్పై ఎనిమిదిన్నర మాత్రలా?" అని అటెండరు కూడా అడుగుతాడు. మూడోది, పెద్దల డోసు మించకూడదనే పైకప్పు. 6,000 మి.గ్రా. ట్రైమెథోప్రిమ్ ఏ మనిషికీ ఉండదు. అలాంటి చోట హెచ్చరిక కాదు, తలుపే మూసేయాలి.

అంకెలు రాసే పద్ధతి తెలిసిందే, త్వరగా దాటేస్తాను. 5.0 అని చూపించకూడదు, చుక్క కనపడకపోతే 50. బిందువు ముందు సున్నా లేకుండా .5 అని చూపించకూడదు. మైక్రోగ్రాము అని పూర్తిగా రావాలి, పొట్టి అక్షరాలు వద్దు. డిజాక్సిన్, థైరాక్సిన్ ఈ రెండింటికీ ఇది ప్రాణం. అంకెలు 1, 2, 3 లిపిలోనే. చీటీ మీద ఒడియా అంకెలూ ఇవీ కలిపి వాడొద్దు.

మూడోది మందుల పట్టిక, సాఫ్ట్‌వేర్ వాళ్లు డ్రగ్ మాస్టర్ అంటారు. ఇది కంపెనీ వాడు తెచ్చి పెట్టేది కాదు. వాడు తెచ్చేది పెద్దల పట్టిక. పిల్లల పట్టిక మన ఫార్మసిస్టు, మన పిల్లల డాక్టర్, వార్డు సిస్టర్ ముగ్గురూ కూర్చుని మందు మందుకూ కట్టుకోవాల్సిందే. మనకు వాడుకలో ఉన్న మందులు ఒక 80 ఉంటాయనుకోండి, రోజుకు నాలుగైదు చొప్పున నెల పని. ఈ నెల మిగుల్చుకుందామని చూసిన చోటే కథ చెడుతుంది.

జెంటామైసిన్ తీసుకోండి. తేలికైన మందులా కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మొదటి వారంలో మామూలు బరువుతో పుట్టిన బిడ్డకు రోజుకోసారి కిలోకు 5, తక్కువ బరువుతో పుట్టినవాళ్లకు 3, రెండో వారం నుంచి 7.5. కాబట్టి పట్టికకు వయసు రోజుల్లో తెలియాలి, పుట్టినప్పటి బరువూ తెలియాలి. ఆపైన, వయల్, అంటే ఇంజెక్షన్ మందు సీసా. 6.2 కిలోల బిడ్డకు 46.5 మి.గ్రా. మి.లీ.కి 40 ఉన్న వయల్ అయితే 1.16 మి.లీ. మి.లీ.కి 10 ఉన్నదైతే 4.65. వార్డులో 10 వయల్ అలవాటై, స్టోర్‌కు 40 వయల్ వచ్చిన రోజున పాత లెక్కతో లాగితే నాలుగింతలు. కిడ్నీకీ చెవికీ ముప్పు. ఒడిశా ప్రభుత్వ ఉచిత మందుల పథకం నిరామయ 2015లో మొదలయ్యాక నిల్వలన్నీ దాని సాఫ్ట్‌వేర్ ఇ-నిరామయలో నమోదవుతున్నాయి. ఆ నిల్వకూ చీటీ తెరకూ లంకె ఉంటే, ఈ రోజు మన దగ్గర ఏ వయల్ ఉందో దానికే మి.లీ. లెక్క వస్తుంది. లంకె కుదరకపోతే వయల్ మారిన ప్రతిసారీ ఫార్మసిస్టు చేత్తో మార్చాలి. మార్చేదాకా స్టోర్ నుంచి వార్డుకు ఆ వయల్ కదలకూడదు.

ఇంకో చిక్కు, వేళలు. సాఫ్ట్‌వేర్‌లో "రోజుకోసారి" అంటే ఉదయం 8 అని ముందే పెట్టి ఉంటుంది. బిడ్డ రాత్రి 9కి చేరి మొదటి డోసు తీసుకుంది. రెండోది పొద్దున్న 8కి వచ్చేస్తుంది, 11 గంటలకే. ఎవరూ తప్పు రాయలేదు, వేళ తప్పింది. తీవ్రమైన మలేరియాకు ఇచ్చే ఆర్టిసునేట్ ఇంజెక్షన్‌కూ ఇదే: 0, 12, 24 గంటలకు ఇవ్వాలి, ఆపైన రోజుకోసారి. గడియారం మొదటి డోసు నుంచి నడవాలి, వార్డు ఘంట నుంచి కాదు.

ఆర్టిసునేట్ మాట వచ్చింది కాబట్టి, మన జిల్లాలకు ఇది తప్పనిసరి మందు, కాస్త ఆగుదాం. 20 కిలోలలోపు పిల్లలకు కిలోకు 3 మి.గ్రా., 20 నుంచి పైకి 2.4. 19 కిలోల బిడ్డకు 57 మి.గ్రా. వస్తుంది, 21 కిలోల బిడ్డకు 50. బరువెక్కువ బిడ్డకు మందు తక్కువ! ఫార్మసిస్టు చూసి సాఫ్ట్‌వేర్ చెడిపోయిందనుకుంటాడు, లేదా డాక్టరే అనుమానపడి చేత్తో దిద్దేస్తాడు. తెర మీద అంకె పక్కనే ఒక చిన్న పంక్తి ఉంటే సరి: "20 కిలోలలోపు కిలోకు 3". లెక్క ఎలా వచ్చిందో చూపించని తెరను ఎవరూ ఎక్కువకాలం నమ్మరు. 60 మి.గ్రా. వయల్‌ను ముందు ఒక మి.లీ. 5 శాతం బైకార్బొనేట్‌తో కరిగించి, నరం ద్వారా ఇచ్చేందుకు 5 మి.లీ. సెలైన్ కలుపుతాం, మి.లీ.కి 10 అవుతుంది. ఈ కలిపే పద్ధతీ, 5.7 మి.లీ. అన్న అంకే రెండూ ఆర్డర్‌తో పాటే ప్రింటవాలి. కండకు ఇచ్చేటప్పుడు తక్కువ ద్రవంతో కలుపుతారు కాబట్టి గాఢత మారుతుంది. ఆ రెండింటినీ పట్టికలో రెండు వేర్వేరు వరుసలుగా పెట్టండి, ఒకే వరుసలో ఇరికించొద్దు. నోటితో వేసే మలేరియా మాత్రలకు మాత్రం మనకు వయసును బట్టి గులాబీ, పసుపు, ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు రంగు అట్టలున్నాయి. అక్కడ తెర మీద కూడా అదే రంగు చూపితే ఆశా కార్యకర్తకూ మనకూ మాట కలుస్తుంది. ప్రైమాక్విన్ ఏడాదిలోపు బిడ్డకు రానే రాకూడదు. సికిల్ సెల్ రక్తజబ్బు, ప్రైమాక్విన్ పడితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయే జీ6పీడీ ఎంజైమ్ లోపం రెండూ ఉన్న ఊళ్లు మనవి కాబట్టి, ప్రైమాక్విన్ ఆర్డర్ దగ్గర జీ6పీడీ ఫలితం అడగాలి.

చక్కబెట్టే శాతం మందును బట్టి మారాలి. 8.4 కిలోల బిడ్డకు న్యుమోనియాకు అమాక్సిసిలిన్ కిలోకు 40 చొప్పున పూటకు 336 మి.గ్రా. మన దగ్గరున్నది 250 కరిగే మాత్ర. 4 నుంచి 10 కిలోల వరకు పూటకు ఒక మాత్ర చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికే చెబుతోంది. "10 శాతం మించి తేడా ఉంది" అని సాఫ్ట్‌వేర్ అడ్డుపడితే అది సాఫ్ట్‌వేర్ తెలివితక్కువ. అదే జెంటామైసిన్‌కు 10 శాతమే ఎక్కువ. సికిల్ సెల్ బిడ్డకు హైడ్రాక్సీయూరియా 180 మి.గ్రా. రావాల్సి ఉంటే, ఉన్న కాప్సూల్ 500ది కదా అని నిశ్శబ్దంగా 500కు చక్కబెట్టే సాఫ్ట్‌వేరూ ఉంటుంది. అక్కడ అది ఆగి డాక్టర్‌ను అడగాలి.

హెచ్చరికల విషయంలో నా సలహా పిసినారితనం. మొదటి రోజు ఒక పదికి మించి పెట్టొద్దు. పైకప్పు దాటిన డోసు, పదింతల డోసు, రికార్డులో ఉన్న అలెర్జీ, నవజాత శిశువుకు సెఫ్ట్రయాక్సోన్‌తో కాల్షియం సెలైన్, 12 ఏళ్లలోపు నిమెసులైడ్, నాలుగేళ్లలోపు క్లోర్‌ఫెనిరమిన్‌తో ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు సిరప్. ఇలాంటివి. నిమెసులైడ్‌ను పిల్లలకు 2011లోనే నిషేధించారు, జలుబు సిరప్ హెచ్చరిక 2023 డిసెంబరుది. అయినా చేతులు అలవాటుగా రాస్తూనే ఉంటాయి. నెలకోసారి ఏ హెచ్చరికను ఎంతమంది నొక్కి దాటేశారో చూడండి. పదిలో తొమ్మిదిసార్లు దాటేస్తున్నారంటే ఆ హెచ్చరిక తీసేయండి లేదా సరిచేయండి. మందు పేరు వెతికేటప్పుడు కనీసం ఐదు అక్షరాలు కొట్టేదాకా జాబితా రాకూడదు. "సెఫ్" అనగానే సెఫిక్సిమ్, సెఫోటాక్సిమ్, సెఫ్టాజిడిమ్, సెఫ్ట్రయాక్సోన్ వరసగా దిగితే వేలు పక్కదాని మీద పడుతుంది.

ఇప్పుడు భయపెట్టే సంగతి ఒకటి. 2005లో పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రి తన లెక్కలు తానే అచ్చు వేసింది. కంప్యూటర్ ఆర్డర్లు పెట్టాక, వేరే ఆసుపత్రుల నుంచి తరలించి తెచ్చిన పిల్లల్లో మరణాలు 2.80 శాతం నుంచి 6.57కు పెరిగాయి. మందు లెక్క తప్పి కాదండి. అంతకుముందు అంబులెన్సు దారిలో ఉండగానే మందులు చెప్పి సిద్ధం చేయించేవారు. కొత్త పద్ధతిలో బిడ్డ వచ్చి, పేరు నమోదైతేగానీ ఆర్డర్ పడేది కాదు. ఒక్కో ఆర్డర్‌కు ఒకటి రెండు నిమిషాలు తెర ముందే గడిచిపోయేవి. వార్డులో ఉండే మందులను కేంద్ర ఫార్మసీకి తరలించారు. ముందే కట్టిపెట్టుకున్న ఆర్డర్ల కట్టలు లేవు. ఆసుపత్రి అంతటా ఆరు రోజుల్లో పెట్టేశారు. అదే సాఫ్ట్‌వేర్‌ను సియాటిల్ పిల్లల ఆసుపత్రి ముందే కట్టలు సిద్ధం చేసుకుని పెట్టుకుంది, అక్కడ మరణాలు పెరగలేదు. 2010లో స్టాన్‌ఫర్డ్ పిల్లల ఆసుపత్రి అయితే మరణాలు 20 శాతం తగ్గాయని రాసింది.

తరలించి తెచ్చిన పిల్లలు అన్న మాట గమనించండి. మన ఆసుపత్రులకు వచ్చే ప్రాణాపాయం కేసులన్నీ అవే: బ్లాకు ఆసుపత్రి నుంచి రాయగడకు, ఇక్కడి నుంచి కొరాపుట్‌కో బరంపురానికో, లేదా రైలెక్కి విశాఖకు. కాబట్టి 108లో బిడ్డ వస్తోందని ఫోన్ రాగానే తాత్కాలిక నంబరుతో నమోదు చేసే వీలుండాలి. మూర్ఛతో, మెదడు మలేరియాతో, షాక్‌తో వచ్చే బిడ్డకు కట్టలు ముందే ఉండాలి: బరువు వేయగానే లోరాజెపాం కిలోకు 0.1 మి.గ్రా., ఆర్టిసునేట్, 10 శాతం డెక్స్‌ట్రోజ్, అన్నీ మి.లీ.లలో ఒక పేజీ మీద. ప్రాణం మీద ఉన్నప్పుడు నోటిమాట ఆర్డర్ చెల్లాలి. విన్న సిస్టర్ తిరిగి చదివి చెప్పాలి, తర్వాత గంటలోపు డాక్టర్ నమోదు చేయాలి. అత్యవసర మందుల ట్రాలీ ఎట్టి పరిస్థితిలోనూ వార్డు దాటి పోకూడదు.

కరెంటు, నెట్ గురించి వేరే చెప్పాలా? వర్షాకాలంలో కొండ మీద కేబుల్ తెగితే రెండు రోజులు. సర్వర్ ఆసుపత్రిలోనే ఉండి లోపలి నెట్‌వర్కుతో నడవాలి, బయటి నెట్ వచ్చినప్పుడు పైకి పంపుకోవాలి. ప్రతి షిఫ్టు మొదట్లో వార్డులోని పిల్లలందరి మందుల జాబితా ఒకటి ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి. కరెంటు పోతే ఆ కాగితమే వార్డు. తిరిగి వచ్చాక కాగితం మీద ఇచ్చిన డోసులు ఎక్కించకుండా కొత్త డోసు ఇవ్వకూడదు, రెండుసార్లు పడే డోసులు ఎక్కువగా ఆ గంటలోనే పడతాయి.

పేర్లు. "బేబీ ఆఫ్ సుమిత్ర" అని ఒకే వార్డులో ముగ్గురు ఉంటారు. తల్లి నమోదు నంబరు, పుట్టిన వేళ, కవలలైతే ఒకటి రెండు అని చేర్చి పేరు కట్టండి. ఒకే తెర మీద రెండు కేస్ షీట్లు తెరవనివ్వొద్దు.

చివరిగా సీసా మీద చీటీ. ఒడియా, తెలుగు రెండూ ప్రింటవాలి. ప్రింటరు కొనేముందు వత్తులున్న మాటలు కొట్టి చూడండి, చాలా చోట్ల డబ్బాలు డబ్బాలుగా వస్తాయి. కువీ, సవర వంటి గిరిజన భాషలు మాట్లాడే తల్లికి రెండూ చదవరావు. ఆమెకు సూది లేని సిరంజి ఇచ్చి, ఎక్కడిదాకా లాగాలో గీత గీసి, ఆ బొమ్మనే చీటీ మీద వేయండి. మూతతో, చెంచాతో కొలవమని మాత్రం రాయొద్దు. ఇంటింటికీ చెంచా వేరు.

ప్రశ్నలుంటే అడగండి.

(రాత్రి డ్యూటీలో ఒక్కరే సిస్టర్ ఉంటే తూకం ఎవరు వేయాలని ఒక స్టాఫ్ నర్సు అడిగారు.)

తూకం నర్సే వేయాలని లేదమ్మా. చేర్చుకునే గుమ్మం దగ్గరే అటెండరు తూచి, అంకె పలికి, తల్లి చేతి చీటీ మీద రాయాలి. మీరు ఆ చీటీ చూసి కంప్యూటర్‌లో వేస్తారు. ఒకరు తూచి ఇంకొకరు ఎక్కించడంలోనే ఒక తనిఖీ ఉంది. గుమ్మం దగ్గర తూకం లేకుండా వార్డుకు బిడ్డ వస్తే, తెరలో అంచనా ముద్రతో వేసి వదిలేయకుండా వెనక్కి చెప్పండి.

(మా దగ్గర ఇంకా కాగితమే, సాఫ్ట్‌వేర్ వచ్చేదాకా ఏం చేయాలని గుణుపురం ఫార్మసిస్టు అడిగారు.)

మంచి ప్రశ్నండి. కేస్ షీట్ మీద మందుల గడి పైన బరువు, తూచిన తేదీ గళ్లు అచ్చు వేయించండి. ఆ రెండూ ఖాళీగా ఉన్న చీటీకి మందు ఇవ్వబోమని కౌంటర్ దగ్గర చెప్పండి, ప్రాణాపాయం కేసులు మినహా. తర్వాత ఎక్కువ వాడే ఒక 15 మందులకు, మీ స్టోర్‌లో ఇప్పుడున్న సీసా, వయల్ బట్టి, 2 కిలోల నుంచి 25 దాకా ఎన్ని మి.లీ.లో పట్టిక కట్టి వార్డు గోడకు అంటించండి. ఇద్దరు వేర్వేరుగా లెక్కగట్టి సరిపోలాకే అంటించాలి. పట్టిక మీద ఏ గాఢతకు కట్టారో పెద్ద అక్షరాల్లో ఉండాలి. జెంటామైసిన్ 40 బదులు 10 వచ్చిన రోజున ఆ కాగితం పీకేసి కొత్తది అంటించే బాధ్యత ఎవరిదో ముందే పేరు రాసి పెట్టండి, ఎక్కడో కాదు, స్టోర్ ఇండెంటు పుస్తకం మొదటి పేజీలోనే.